లెక్క చేసేవారు, లెక్క చూసేవారు

(సోలాపూర్‌లో మన ట్రస్టు జరిపిన విద్యార్థి ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గణితం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను లెక్కల మాస్టారిని కాదు గదండీ, బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి అన్నాను. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం. మాస్టారు మాట్లాడితే పిల్లలు పరీక్ష అనుకుంటారు" అన్నారాయన. సరే, ఒప్పుకున్నాను. రిటైరయ్యాక సాయంత్రాలు మన ట్రస్టు చదువుల గదిలో పిల్లల దగ్గర కూర్చుంటున్నాను. మన తూర్పు భాగంలోనే ఒక బడిలో గణితం చెప్పే టీచరమ్మ అనుమతితో కొన్నాళ్లు ఆవిడ తరగతిలో వెనక బెంచీ మీద కూడా కూర్చున్నాను. అక్కడ చూసినవీ, పుస్తకాల్లో చదివినవీ, బ్యాంకులో చేసినవీ కలిపి చెబుతాను.

చెప్పదలచుకున్నది ఒకటే సంగతి. మంచి గణితం టీచరు పిల్లలకు లెక్క చేయడం నేర్పి ఊరుకోరు. తాము లెక్క ఎలా చేస్తున్నారో తామే గమనించుకోవడం కూడా నేర్పుతారు. మొదటి పనిలో మనలో చాలామంది సాయపడలేం. రెండో పనిలో మాత్రం బడి ముఖం చూడని తల్లి కూడా సాయపడగలదు.

ఈ గమనించుకోవడానికి 1970లలో జాన్ ఫ్లావెల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 'మెటాకాగ్నిషన్' అని పేరు పెట్టారు. తన ఆలోచన మీద తానే ఒక కన్ను వేసి ఉంచడం అన్నమాట. పేరు కొత్తదే కాని పని పాతది. బ్యాంకు నడిచేదే దాని మీద. ఓచరు రాసే గుమాస్తా ఒకరు, దాన్ని చూసి పాస్ చేసే ఆఫీసరు ఇంకొకరు. రాసినవారే పాస్ చేయకూడదు. ఎందుకంటే ఎవరు రాసింది వారి కంటికి సరిగ్గానే కనబడుతుంది. పరీక్ష హాల్లో మీ అబ్బాయికి ఆ రెండో మనిషి లేడు. రాసేదీ తానే, పాస్ చేసేదీ తానే. ఆ రెండో మనిషిని వాడి లోపలే తయారు చేయాలి. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు.

కంప్యూటర్లు రాకముందు సేవింగ్స్ ఖాతాల లెడ్జర్లన్నీ చేత్తో రాసేవాళ్లం. అప్పుడప్పుడు ప్రతి ఖాతాలోని నిల్వనూ బ్యాలెన్స్ పుస్తకంలోకి దింపి కూడితే, ఆ మొత్తం జనరల్ లెడ్జరులోని మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే తేడా వెతకాలి. కొత్తగా చేరిన కుర్రవాళ్లు మొదటి పేజీ నుంచి మళ్లీ కూడడం మొదలుపెట్టేవారు. పాతవాళ్లు పేజీ తిప్పకముందు ఆ తేడా అంకెనే కాసేపు చూసేవారు. దాన్ని సగం చేసి, ఆ మొత్తం ఎక్కడైనా జమకు బదులు ఖర్చులో పడిందా అని చూసేవారు. తేడా తొమ్మిదితో శేషం లేకుండా పోతే, అంకెలు తారుమారయ్యాయేమోనని వెతికేవారు. 63 రాయాల్సిన చోట 36 రాస్తే తేడా 27. 82 బదులు 28 రాస్తే తేడా 54. రెండూ తొమ్మిదితో పోతాయి.

తొమ్మిదే ఎందుకు? పదుల స్థానంలో ఉన్న అంకె ఒకట్ల స్థానానికి జారితే, అందులోని ప్రతి ఒకటికీ పది విలువ పోయి ఒకటే మిగులుతుంది, అంటే తొమ్మిది తగ్గుతుంది. ఒకట్ల అంకె పదుల్లోకి ఎక్కితే ప్రతి ఒకటికీ తొమ్మిది పెరుగుతుంది. ఎటు జరిగినా తొమ్మిదుల లెక్కే. ఈ కారణం తెలియని గుమాస్తాలు కూడా కిటుకు వాడేవారు, చాలాసార్లు పని జరిగిపోయేది. కాని 500 రాయాల్సిన చోట 50 రాశారనుకోండి. తేడా 450. అదీ తొమ్మిదితో పోతుంది. కిటుకు మాత్రమే తెలిసినవారు తారుమారైన అంకెల కోసం దీపాలు పెట్టేదాకా వెతికేవారు. కారణం తెలిసినవారు, సున్నా ఏమైనా జారిందా అని అటు కూడా ఒక చూపు వేసేవారు. పిల్లలూ, సూత్రం బట్టీ పట్టడానికీ, అది ఎందుకు పనిచేస్తుందో తెలియడానికీ ఉన్న దూరం అంత.

ఈ తారుమారు వ్యవహారం మన ఊరి తెలుగు పిల్లలకు మరీ దగ్గరిది. ఇంట్లో మనం 'ఇరవై ఏడు' అంటాం. ముందు ఇరవై, తర్వాత ఏడు. రాసేదీ అదే వరసలో. మరాఠీ బడిలో 'సత్తావీస్' అంటారు. ముందు ఏడు, వెనక వీస్. చెవిలో ఏడు ముందు పడుతుంది, చెయ్యి మాత్రం రెండు ముందు రాయాలి. చిన్న తరగతుల పిల్లలు 27 బదులు 72 రాసి తిట్లు తినడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒడియాలోనూ ఇదే వరస కాబట్టి బరంపురం వైపు మనవాళ్ల పిల్లలకూ ఈ తంటా ఉంటుంది. కన్నడంలో, తమిళంలో మనలాగే పదులు ముందు.

2019లో మహారాష్ట్రలో బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో ఏకవీస్‌ను 'వీస్ ఏక్' అనే పద్ధతి తెచ్చినప్పుడు, భాష చెడిపోతోందని పెద్ద రభస జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. గణితవేత్త మంగళా నార్లీకర్ ఆ మార్పును సమర్థించారు. ఆ వాదంలో రెండు పక్షాలవారూ చెప్పినదాంట్లో న్యాయం ఉంది, మనం అందులోకి పోవద్దు. నేను చూసింది చెబుతాను. 27 బదులు 72 రాసిన ఒక పాపను ఈ టీచరమ్మ తప్పని అనలేదు. "నీకు ముందు ఏం వినబడింది?" అని అడిగారు. "ఏడు" అంది పాప. "మరి ముందు ఏం రాశావు?" "ఏడు." కాసేపు ఆగి పాపే నవ్వింది. ఆ తర్వాత మరాఠీలో సంఖ్య చెప్పగానే ఆ పాప పెదవులు కదిలేవి. లోపల తెలుగులో ఒకసారి అనుకుని రాసేది. తన తప్పు ఎక్కడ పుడుతుందో దానికి తెలిసిపోయింది. రెండు భాషలు పిల్లలకు బరువని అనేవాళ్లున్నారు. ఇక్కడ ఒక భాష రెండోదానికి కాపలా కాసింది.

ఇక కొంచెం పెద్ద పిల్లల సంగతి. 1980ల మొదట్లో అమెరికాలో దేశవ్యాప్తంగా జరిగిన ఒక పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది. ఒక బస్సులో 36 మంది సైనికులు పడతారు. 1,128 మందిని శిబిరానికి తీసుకుపోవాలి. ఎన్ని బస్సులు కావాలి? భాగిస్తే 31, శేషం 12. నూటికి 70 మంది భాగహారం సరిగ్గానే చేశారు. కాని నూటికి 29 మంది '31, శేషం 12' అని జవాబు రాశారు. 18 మంది 31 బస్సులన్నారు. 32 అని రాసింది 23 మందే. చేతికి లెక్క వచ్చు, కాని చేసినదాన్ని ఒకసారి తిరిగి చూసే మనిషి లోపల లేడు. పెళ్లికి బస్సులు మాట్లాడే మేనమామను అడగండి, '31 బస్సులూ, శేషం 12 మందీ' అంటాడా? ఆ 12 మందిలో పెళ్లికొడుకు పెద్దనాన్న ఉంటే!

హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జి పోల్యా అనే గణితవేత్త 1945లో, లెక్కను ఎలా సాధించాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం రాశారు. ముందు లెక్క ఏమడుగుతోందో అర్థం చేసుకో, దారి ఆలోచించు, ఆ దారిన నడువు, చివర వెనక్కి తిరిగి చూడు అంటారాయన. ఇందులో నాలుగోది ఎవరూ చేయరు. జవాబు కింద రెండు గీతలు గీసి పుస్తకం మూసేస్తారు.

ఆయన తర్వాత బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆలన్ షోన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు, విద్యార్థులు లెక్కలు చేస్తుండగా వీడియో తీసి పరిశీలించారు. చాలామంది లెక్క చదివిన వెంటనే ఏదో ఒక దారి పట్టుకుని, అది ఎటూ పోవడం లేదని కనబడుతున్నా ఇచ్చిన సమయమంతా దానిమీదే గడిపేశారు. అదే ఒక గణితవేత్తకు తనకు అలవాటు లేని లెక్క ఇస్తే, ఆయన సగానికి పైగా సమయం లెక్కను అర్థం చేసుకోవడంలోనే గడిపారు. తప్పు దారులు ఆయనా తొక్కారు. కాని మధ్యమధ్య ఆగి, ఇది పనికొస్తోందా అని చూసుకున్నారు. షోన్‌ఫెల్డ్ తన తరగతిలో పిల్లల మధ్య తిరుగుతూ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏం చేస్తున్నావు? ఎందుకు చేస్తున్నావు? అది నీకు ఎలా ఉపయోగపడుతుంది? మొదట్లో విద్యార్థులు తడబడేవారు. ఎలాగూ అడుగుతారని తెలిశాక ముందే జవాబు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆయన అడగకపోయినా తమను తామే అడుక్కోవడం అలవాటైంది.

సాంచాలు నడిపిన ఇళ్లవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పోగు తెగితే అక్కడే సాంచా ఆపి, ముడివేసి, మళ్లీ నడుపుతారు. చద్దరంతా దిగాక చూసుకుందాంలే అని ఎవరూ అనుకోరు.

మన టీచరమ్మ తరగతిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఒకటుంది. "ఎలా వచ్చింది?" అని ఆవిడ తప్పు జవాబుకే కాదు, ఒప్పు జవాబుకు కూడా అడుగుతారు. చాలా తరగతుల్లో ఆ ప్రశ్న తప్పైనప్పుడే వస్తుంది. అందుకని టీచరు "ఎలా?" అనగానే పిల్లలు రబ్బరు తీస్తారు, సరైనదాన్ని కూడా చెరిపేస్తారు. ఆవిడ తరగతిలో రబ్బరు వాడకూడదు. తప్పు మీద ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. బ్యాంకు లెడ్జరులోనూ మా పద్ధతి అదే. కొట్టివేతకు సంతకం ఉండాలి, చెరిపివేత నేరం. తప్పు కనబడుతుంటేనే గదా అది ఎక్కడిదో తెలిసేది!

ఇంకోటి. పిల్లలు ప్రతి జవాబు పక్కనా ఖాయమనుకుంటే టిక్కు, అనుమానమైతే చుక్క పెట్టాలి. కాగితాలు దిద్ది ఇచ్చాక మార్కులు చూసుకోవడం కాదు, ముందు టిక్కు పెట్టి తప్పైనవి వెతుక్కోమంటారు. తెలియని తప్పు కంటే తెలుసనుకున్న తప్పు ప్రమాదం. ఒకబ్బాయి కాగితంలో అలాంటివి మూడు వచ్చాయి. మూడూ శాతాల లెక్కలే. ధర 20 శాతం పెంచి, ఆ పైన 20 శాతం తగ్గిస్తే మొదటి ధరే వస్తుందని వాడి నమ్మకం. వంద నూట ఇరవై అవుతుంది, నూట ఇరవైలో 20 శాతం 24, మిగిలేది 96. వాడు కిరాణా కొట్టువారి అబ్బాయి, ఆ నమ్మకంతో కొట్లో కూర్చుంటే ఏమయ్యేదో!

ప్రశ్న అడిగాక ఆవిడ ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం చూడటానికి మనకే కష్టంగా ఉంటుంది. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు అమెరికాలో సైన్సు తరగతులను పరిశీలించి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతున్నాయని, మెరుగవుతున్నాయని 1970లలోనే చెప్పారు. మూడు సెకన్లు! మనం ఇంట్లో ఎంతసేపు ఆగుతున్నామో ఈ రాత్రి చూసుకోండి.

అలాగని ఎక్కాలు అక్కర్లేదని నేను అనను. ఈమధ్య అలా మాట్లాడడం ఫ్యాషనైంది. ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టే పిల్లవాడికి తన ఆలోచనను గమనించే తీరిక ఎక్కడుంటుంది? ఎక్కాలు నోటికి రావాలి. పోల్యా నాలుగు మెట్లను కూడా ఎక్కంలాగా బట్టీ పట్టించే బళ్లు ఉన్నాయని విన్నాను, దానివల్ల మాత్రం ప్రయోజనం లేదు.

ట్యూషన్ల గురించి ఒక మాట. బీడీల మీద, సాంచాల మీద వచ్చే సంపాదనలోంచి మీరు ఎంత ఖర్చు పెడుతున్నారో నాకు తెలుసు. ట్యూషన్ మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తారు, పిల్లవాడు రాసుకుంటాడు. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. అదే లెక్క తెల్లకాగితం మీద చేయమనండి, రెండో వరస దగ్గర ఆగిపోతాడు. ఫీజు కట్టే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి. అక్కడ పిల్లలతో మాట్లాడిస్తున్నారా, రాయిస్తున్నారా అని కూడా అడగండి.

మా వీధిలో ఒక తల్లి బీడీలు చేస్తుంది. సంతకం మాత్రం వచ్చు. ఆమె కొడుకు పదో తరగతి. రాత్రి ఆమె బీడీలు కట్టలు కడుతుంటే, ఆ రోజు చేసిన ఒక లెక్క ఆమెకు చెప్పాలి, అది ఆ ఇంటి నియమం. ఒకరోజు పన్ను లెక్క. 18 శాతం జీఎస్టీ కలిపి వస్తువు ధర 1,180 రూపాయలు, పన్ను లేని ధర ఎంత? కుర్రవాడు 1,180లో 18 శాతం, అంటే 212 రూపాయల 40 పైసలు తీసేసి, 967 రూపాయల 60 పైసలు అన్నాడు. తల్లి కట్ట కడుతూనే, "నాకు సమజ్ కాలె బిడ్డా. దుకానపోడు పన్ను దేని మీద ఏసిండు? పన్ను మీదనే పన్ను ఏసిండా?" అంది. వాడు "కాదమ్మా, ధర మీద..." అంటూ ఆగిపోయాడు. తనకొచ్చిన 967 రూపాయల 60 పైసల మీద 18 శాతం వేసి చూసుకున్నాడు. 1,180 రాలేదు. కాసేపటికి, 118లో 100 అయితే 1,180లో 1,000 అని తానే పట్టుకున్నాడు. ఆ తల్లికి బీజగణితం రాదు. బజారు వచ్చు, కొడుకు నోటి నుంచి రెండోసారి చెప్పించుకోవడం వచ్చు. తల్లులారా, మీరు అడగవలసింది ఇలాంటివే. ఏమడిగారు లెక్కలో? నువ్వెలా చేశావు? అది సరైందని నీకెలా తెలుసు? తెలుగులో అడగండి. బడిలో మరాఠీలోనో ఇంగ్లీషులోనో చేసిన లెక్కను తెలుగులో చెప్పాలంటే వాడు దాన్ని మళ్లీ ఆలోచించి తీరాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. మన చదువుల గదికి వచ్చే ఒకమ్మాయి, పదో తరగతి తర్వాత కామర్స్‌లో చేరి గణితం బదులు సెక్రటేరియల్ ప్రాక్టీస్ తీసుకుంటానంది. ఎందుకమ్మా అంటే, "నాకు గణితం రాదు" అంది. ఇంట్లోవాళ్లూ ఒప్పేసుకున్నారు. టీచరమ్మ ఆ అమ్మాయి కాగితాలన్నీ పరిపించి, తప్పులు ఏ రకానివో గుంపులు చేయమన్నారు. అమ్మాయే చేసింది. సగానికి సగం ఒకే చోటివి. బ్రాకెట్ ముందు మైనస్ గుర్తు ఉంటే లోపలి గుర్తులు మార్చడం మరిచిపోతోంది. "రాదు" అనేది ఖాతాలేవీ రాయకుండా మొత్తం ఒక్కటి వేసినట్టు. దేనికెంతో విడదీస్తే తేడా చిన్నదని తెలుస్తుంది. ఆ అమ్మాయి గణితం తీసుకుంది. సెక్రటేరియల్ ప్రాక్టీస్ తక్కువదని నేను అనడం లేదు. కాని దాన్ని ఇష్టపడి ఎంచుకోవడం వేరు, ఒక మైనస్ గుర్తుకు భయపడి అటు పోవడం వేరు.

చివరిగా మన ట్రస్టు పని గురించి, కార్యవర్గం అనుమతితో. మనం మార్కుల జాబితా చూసి డబ్బు ఇస్తున్నాం. గణితంలో మార్కులు తగ్గితే మరుసటి ఏడు రెన్యూవల్ ఉండదు. దీనివల్ల పిల్లలు తప్పులు దాచుకోవడం నేర్చుకుంటున్నారు. తక్కువ మార్కులొచ్చిన కాగితాలు ఇంటికి కూడా చేరడం లేదని తల్లులే చెప్పారు. మార్కుల నియమం తీసేయమని నేను అడగడం లేదు. వచ్చే సంవత్సరం దరఖాస్తు ఫారానికి వెనక ఒక తెల్లపేజీ చేర్చమని ప్రతిపాదించాను. ఈ ఏడాది మీరు తప్పు చేసిన ఒక లెక్క, ఆ తప్పు ఎక్కడ వచ్చింది, దాన్ని ఎలా పట్టుకున్నారు, ఇంతే ఆ పేజీలో రాయాలి. తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు, ఏ భాషైనా సరే. గణితంలో మార్కులు తగ్గినా ఆ పేజీ నిజాయితీగా, వివరంగా ఉంటే రెన్యూవల్ ఆపకూడదన్నాను.

కార్యవర్గంలో అందరూ ఒప్పుకోలేదు. ట్యూషన్ మాస్టారుతో రాయించుకొస్తారన్నారు ఒకరు. అనుమానం వచ్చినవారిని పిలిచి, అదే లెక్క మా ముందు నోటితో చెప్పమంటే తెలిసిపోతుంది అన్నాను. ఇన్ని పేజీలు ఎవరు చదువుతారని కోశాధికారిగారు అడిగారు. నేనూ, ఇద్దరు రిటైర్డ్ టీచర్లూ చదువుతామని రాసిచ్చాం. ఒక సంవత్సరం చేసి చూద్దామని అధ్యక్షులవారు అన్నారు. కాబట్టి పిల్లలూ, ఈరోజు నుంచి తప్పుచేసిన కాగితాలు పారేయకండి. ఫారాలు ఏప్రిల్‌లో ఆఫీసులో దొరుకుతాయి. రాయడంలో సందేహముంటే సాయంత్రం ఆరు తర్వాత చదువుల గదికి రండి, నేను అక్కడే ఉంటాను.